మాలకొండమ్మ కొలచెక్క

మాలకొండమ్మ నాకు చేప గుడ్లు అమ్మడం మానేసి తొమ్మిదేళ్లయింది. ఆ కోపం నాకింకా పూర్తిగా పోలేదు. నేను ఆత్మకూరులో పాతికేళ్లు సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, తిండి విషయంలో బొత్తిగా సిగ్గులేనివాణ్ణి. వానలు మొదలయ్యాయంటే ఆదివారం పొద్దున్నే స్కూటరెక్కి సోమశిల పోయేవాణ్ణి. చేపలమ్మే ఆడవాళ్లలో ఆమె ఎక్కడుందో వెతుక్కునేవాణ్ణి. నిండు కడుపుతో ఉన్న బొచ్చె చేపను ఆమె చూపుతోనే పోల్చేది. గుడ్లు వేరే ఆకులో కట్టి ఇచ్చేది. ఉల్లిపాయలేసి వేయించుకు తింటే ఆ వారమంతా బడిలో పిల్లల మీద కోపం వచ్చేది కాదు.

అలాంటి మనిషి ఒక జులై ఆదివారం ఖాళీ బుట్ట బోర్లించి దాని మీద కూర్చుని ఉంది.

"గుడ్ల చేప లేదయ్యవారా. ఇంక ఉండదు."

"దొరకలేదా అక్కా?"

"దొరికింది. వదిలేసినాను. నువ్వు ఒక పూట తినే గుడ్లలో ఎన్ని చేపలుంటాయో నేను చెప్పాల్నా? సైన్సు అయ్యవారివి గదా."

ఎన్ని ఉంటాయో నాకు బాగానే తెలుసు. పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చెప్పాను. తెలిసి కూడా తింటున్నందుకు ఆ రోజు మొదటిసారి మనసు చివుక్కుమంది. వంకాయ కూరతో సరిపెట్టుకున్నాను.

మాలకొండమ్మ పుట్టిన ఊరు ఇప్పుడు నీళ్ల అడుగున ఉంది. సోమశిల డ్యాం కట్టినప్పుడు ఆమెకు పన్నెండేళ్లు. మీ ఇల్లు ఎక్కడుండేదని ఎవరైనా అడిగితే చెయ్యి చాచి, "అదో, ఆ పుట్టి ఉండాదే, సరిగ్గా దాని కింద. ఇప్పుడు చేపలు కాపరం ఉండాయి, అద్దె అడగబాక" అంటుంది. ఏడుస్తూ చెప్పదు. ఊరు మునిగాక వాళ్ల నాయన కొత్త చెరువులాంటి ఆ నీళ్లలో చేపలు పట్టడం నేర్చుకున్నాడు. కొడుకుల్లేరు. కూతుర్నే పుట్టిలో కూర్చోబెట్టి తెడ్డు చేతికిచ్చాడు. వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి పుట్టి కొత్తవాళ్లెక్కితే ఉన్నచోటే గిరగిర తిరుగుతుంది. ఆమె ఎక్కితే మాత్రం ఎటు పొమ్మంటే అటు పోతుంది. మొగుడు నారాయణయ్యకు నీళ్లంటే భయం, మేకలంటే ప్రాణం. కాబట్టి ఆ ఇంట్లో నీళ్లు ఆమెవి, నేల ఆయనది. ఇద్దరికీ గొడవే లేదు. ఒక్కగానొక్క కూతురు మధులతను, ఊరు మునిగినవాళ్లకు గట్టు దగ్గర కట్టిచ్చిన కాలనీలోనే, వెంగయ్య కొడుక్కిచ్చారు. వెంగయ్య కూడా పాతకాలపు జాలరి, తన వల తానే అల్లుకునే మనిషి.

గుడ్ల చేప వదిలెయ్యాలని ఆమెకు ఎందుకు తోచిందంటే, ఆ నాలుగైదేళ్లలో చేప చిక్కిపోయింది. ఒకప్పుడు రెండు చేతులా ఎత్తాల్సిన బొచ్చె అరచేతిలో పట్టేంతకు వచ్చింది. బయటి ఏజెంట్లు దోమతెరలాంటి వలలు తెచ్చి ఊరికే ఇచ్చేవాళ్లు. వాటిలో చిటికెన వేలంత పిల్ల కూడా తప్పించుకునేది కాదు. పైగా వానాకాలం కొత్తనీరు రాగానే చేపలు గుడ్లు పెట్టడానికి వాగుల్లోకి ఎదురెక్కుతాయి. వాగు నోటి దగ్గర వల కట్టి కూర్చుంటే ఇంటిల్లిపాదినీ ఒక్కసారే పట్టుకున్నట్టు. ఆ కాలంలో రెండు నెలలు వేట నిషేధమని కాయితాల్లో ఉంది. కాయితాన్ని తీసుకొచ్చి వాగు దగ్గర నిలబెట్టేవాళ్లే లేరు.

ఒకసారి నా ఫోన్‌లో ఆమెకు ఒక వీడియో చూపించాను. ఎక్కడో మంచు సముద్రంలో ఒక ఓడ. దాని నిండా స్వచ్ఛందంగా వచ్చిన మనుషులు. డాక్టరొకడు, వంటమనిషొకడు, మెకానిక్కొకడు. తిమింగలాలను వేటాడే ఓడకు అడ్డంగా తమ ఓడను నిలిపి కదలరు.

"అంత పెద్ద చేపక్కూడా కాపలా కావాల్నా?" అంది.

"అది చేప కాదక్కా. పిల్లకు పాలిస్తుంది."

"పాలిచ్చేదాన్నా చంపేది!" అని ఫోను దగ్గరికి లాక్కుంది. చివరిదాకా చూసి, "వీళ్లకి జీతం ఎవురిస్తారు?" అని అడిగింది.

"ఎవరూ ఇవ్వరు."

"ఇంట్లో తిట్టరా?"

"తిట్టే ఉంటారు."

"అయితే మన బాపతే" అని నవ్వింది.

ఆ ఏడే నాలుగు పుట్లు, ఎనిమిది మంది మనుషులతో కాపలా మొదలైంది. జులై, ఆగస్టు నెలల్లో తెల్లారినప్పటి నుంచి పొద్దుగూకే దాకా వాగుల నోళ్ల దగ్గర వంతులేసుకుని తిరుగుతారు. కొట్లాట లేదు, కేకల్లేవు. ఎవరైనా వల కట్టి కనబడితే పుట్టిని తీసుకుపోయి సరిగ్గా దాని పక్కనే నిలబెట్టి కూర్చుంటారు. మాలకొండమ్మ అన్నం క్యారియరూ, గింజ తియ్యాల్సిన చింతపండూ వెంట తీసుకుపోతుంది. చింతపండు అయిపోయేలోగా వల వేసినవాడే విసిగిపోయి తీసుకుపోతాడు. మూడో ఏటికి వాగుల దగ్గర వలలు దాదాపు ఆగిపోయాయి. ఐదో ఏటికి బొచ్చె మళ్లీ మోచేతి పొడుగు వచ్చింది. ఆమె కడుపు నిండా సంతోషపడింది. ఆ సంతోషం ముందు నా వేయించిన గుడ్లెంత?

మిగతా పది నెలలకు కాలనీ వాళ్లే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. వలలో ఒక్కో గడిని కన్ను అంటారు. ఆ కన్నులో నాలుగు వేళ్లు పట్టాలి. పట్టకపోతే ఆ వలను గట్టు మీద అందరి ముందూ కత్తితో కోసెయ్యాలి. జానెడు ముక్క మాత్రం గంగమ్మ రాయి పక్కనున్న పందిట్లో సాక్ష్యంగా కట్టాలి. కట్టుబాటు బాగానే ఉంది, వేళ్లతోనే వచ్చింది తంటా. వెంగయ్య వేళ్లు మునక్కాడలు. రమేష్‌బాబు వేళ్లు లేత బెండకాయలు. ఈ రమేష్‌బాబు ముప్పైయేళ్లవాడు, మోటారు పడవున్నవాడు, పక్కన మనిషున్నా అల్లంత దూరాన ఉన్నట్టు అరిచి మాట్లాడేవాడు. మొదట్లో ఏజెంట్ల వలలు వేసింది కూడా అతడే. "నావి మాత్రం నాలుగు వేళ్లు కావా?" అని గట్టు మీద చెయ్యి ఊపుతూ తిరిగేవాడు.

అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. నా తెలివైన ఆలోచనలంటే మా ఇంట్లోవాళ్లకు భయం, ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. పదిమంది జాలర్ల వేళ్లు కొలిచి, సగటు తీసి, ఉదయగిరి పోయాను. అక్కడ చెక్క గరిటెలు, స్పూన్లు చేసే మస్తాన్‌బీ చేత ఒక కొలచెక్క చేయించాను. నున్నటి పలక, పట్టుకోవడానికి చిన్న పిడి. చెక్క కన్నులో దూరితే వల మంచిది, దూరకపోతే కోతే. మస్తాన్‌బీ ఇంకో పలకలో సరిగ్గా అదే వెడల్పున గాడి కోసి, కొలచెక్కను అందులో జారించి చూపించింది. "దీని తల్లి నా కాడ ఉంటాది సారూ. ఎప్పుడన్నా అనుమానమొస్తే రా" అంది.

రెండేళ్లు కొలచెక్క మాలకొండమ్మ నడుముకు వేలాడింది. గొడవలు తగ్గాయి. కిందటేడు రమేష్‌బాబు కొత్త పేచీ తీశాడు.

"ఆ చెక్క చేయించింది అయ్యవారు. అయ్యవారేమన్నా దేవుడా?"

నేను దేవుణ్ణి కానన్న మాట ఒప్పుకోక తప్పదు. మాలకొండమ్మ మాత్రం ఆలోచించింది. జూన్ ఆఖరున, వేట ఆపే ముందు గంగమ్మకు పూజ చేసేటప్పుడు, పెన్న నీళ్లు నింపిన కుండలో కొలచెక్కను వేసి మూడు రోజులు అమ్మ ముందు పెట్టింది. అమ్మ దగ్గరున్న చెక్కను మళ్లీ నడుముకు కట్టుకోవడం అపచారమని, అప్పటి నుంచి ఆ కుండలోనే ఉంచింది. కుండ ఎప్పుడూ పుట్టిలో ఆమె పక్కనే. కొలిచేటప్పుడు తీస్తుంది, దణ్ణం పెట్టి మళ్లీ నీళ్లలో వేస్తుంది. అందరూ దాన్ని గంగమ్మ కొలత అన్నారు. గంగమ్మతో పేచీ పెట్టుకునే మొనగాడు కాలనీలో లేడు.

ఆ కుండ వచ్చాక ఏడు వలలు కోశారు. మొదటిది రమేష్‌బాబుదే. "కొలిచి కొన్న వలరా, మంచి వలరా!" అని నెలల తరబడి అరిచాడు. దొంగవలల చరిత్ర ఉన్నవాడు కాబట్టి ఎవరూ నమ్మలేదు. కాలనీలో దొంగోడన్న పేరు స్థిరపడిపోయింది. నేనూ నమ్మలేదు.

ఏడోది వెంగయ్య వల.

అది జనవరి. నేను గట్టు మీదే ఉన్నాను. ఆ వలకు కొలచెక్క అంచు దాకా వచ్చి ఆగిపోయింది. మాలకొండమ్మ ఇంకో కన్ను చూసింది, ఇంకోటి చూసింది. ముఖం నల్లబడింది. వియ్యంకుడి వల వదిలేస్తే మర్నాటి నుంచి ఆమె మాట ఎవరు వింటారు?

"అన్నా, పట్టలా" అంది.

వెంగయ్య ఒక్క మాట మాట్లాడలేదు. కోతకు వీలుగా వల కొసను తానే బిగించి పట్టుకున్నాడు. మూడు నెలలు కూర్చుని అల్లిన వల అది. ఆ తర్వాత వెంగయ్య ఆమె గడప తొక్కలేదు. గొడవేమీ లేదు, తిట్టింది లేదు. అన్నం దగ్గర మాలకొండమ్మ మాటొస్తే మామ లేచి చెయ్యి కడుక్కుంటాడని మధులత వచ్చి చెప్పింది. ఆ వేసవంతా మాలకొండమ్మ చూపు వెంగయ్య ఇంటి వైపే ఉండేది.

జూన్ మొదట్లో కొలచెక్క అంచున సన్నటి పగులు కనిపించింది. నా చేతికిచ్చి ఉదయగిరి తీసుకుపొమ్మంది. ఆ ఎండలకు భయపడి పది రోజులు కిటికీలో పెట్టుకుని బద్ధకించాను. ఎట్టకేలకు బస్సెక్కి పోతే మస్తాన్‌బీ దాన్ని తల్లి పలక గాడిలో జారించింది. సాఫీగా దూరింది.

"చెక్క బాగానే ఉండాదే. ఈ పగులెందుకొచ్చింది? దీన్ని యాడ పెడతారు?"

"నీళ్ల కుండలో."

మస్తాన్‌బీ పని ఆపి నా ముఖంలోకి చూసింది.

"నీళ్లలోనా? చెక్క నీళ్లు తాగితే పొంగదా సారూ? వానాకాలం మీ ఇంట్లో తలుపులు బిగుసుకోవా?"

పాతికేళ్లు సైన్సు చెప్పినవాణ్ణి. గరిటెలు చేసే ఆడమనిషి చేత పాఠం చెప్పించుకున్నాను. తల్లి పలకను అడిగి తెచ్చుకుని, ఇంట్లో బకెట్‌లో కొలచెక్కను మూడు రోజులు నానబెట్టాను. నాలుగో రోజు గాడిలో పెడితే ఎంత నొక్కినా దూరలేదు. నాలుగు బియ్యపు గింజలు పక్కపక్కన పేర్చినంత పెరిగింది. కన్నుకు అది చాలా ఎక్కువ. వెంగయ్య బిగించి పట్టుకున్న వల నా కళ్ల ముందుకొచ్చి కూర్చుంది.

సోమశిల పోయి జరిగింది చెప్పాను. చెప్పి, నా పిరికితనం కూడా బయటపెట్టుకున్నాను.

"అక్కా, దీన్ని ఎండబెట్టి నడుముకు కట్టుకో. ఎవరికీ తెలియదు. ఇంకో వారంలో నిషేధం మొదలు. మనకు పోలీసు లేడు, జీపు లేదు. నీ మాట మీద నమ్మకంతోనే రెండు నెలలు వలలు ఆపుతున్నారు. ఇప్పుడు తప్పు జరిగిందంటే కాపలా మొత్తం కొట్టుకుపోతుంది."

నారాయణయ్య మేకలు తోలుకొచ్చి, ఆమె ముఖం చూసి, టీ పెట్టి తెచ్చాడు.

"తొమ్మిదేళ్లు తిరిగినాము అయ్యవారా. పోతాదంటే నాకూ కడుపులో మండతా ఉండాది" అంది టీ అందుకుంటూ. "అట్టని తప్పుడు కొలత పెట్టుకుని, నోటికాడి చేప వదలమని ఇంకొకరికి ఏ మొహంతో చెప్పేది?"

జూన్ ఆఖరు సాయంత్రం గంగమ్మ పూజకు కాలనీ అంతా గట్టు మీద చేరింది. పొంగలి పెట్టడం అయ్యాక మాలకొండమ్మ లేచింది. కొలచెక్కనూ తల్లి పలకనూ చేత పట్టుకుని, కుండ సంగతీ చెక్క పొంగడం సంగతీ ఉన్నదున్నట్టు చెప్పింది.

"అమ్మది తప్పు కాదు. చెక్కని నీళ్లలో పెట్టింది నేను. ఏడు వలలు ఈ చేత్తో కోసినాను. ఆ ముక్కలు పందిట్లోనే ఉండాయి. మీ ముందరే మళ్లీ కొలస్తాను."

గుంపులో గోల లేచింది. ఆమె ఎండిన చెక్కను గాడిలో జారించి చూపించి, ఒక్కో ముక్కా విప్పింది. మొదట చూసిన ఐదు ముక్కల్లో చెక్క సగం కూడా దూరలేదు. వాటి తాలూకు మనుషులు మెల్లగా వెనక్కి జరిగారు. ఆరోది వెంగయ్యది. చెక్క సుళువుగా దూరి అవతలికొచ్చింది. ఆమె పెదవి కొరుక్కుంది. ఇక మిగిలింది రమేష్‌బాబుది. నిజం చెప్పాలంటే, ఆ ఒక్కటీ దూరకూడదని నేను లోలోపల మొక్కుకున్నాను.

దూరింది.

"చెప్తానే ఉండాను గదా! ఏడాది నుంచీ చెప్తానే ఉండాను గదా!" రమేష్‌బాబు అరుపు అవతలి గట్టుకు వినబడి ఉంటుంది. అరుస్తూ అరుస్తూ అంత మనిషీ ఏడ్చేశాడు.

మాలకొండమ్మ అతడి ఎదురుగా పోయి నిలబడింది.

"నా వల తీసుకో రమేషా. మంచిది, కొత్తది."

"నీ వల ఎవురిక్కావాల? దొంగోడన్నారు నన్ను. నా బిడ్డని బళ్లో దొంగోడి కూతురన్నారు. ఆ మాట వాపస్ తీసుకో."

ఆమె జనం వైపు తిరిగింది.

"రమేష్‌బాబు దొంగ కాదు. ఆయన వల మంచిది. తప్పు కొలిచింది నేను, మాలకొండమ్మను. మీ ఇళ్లల్లో పిల్లోళ్లకు కూడా చెప్పండి."

నేనూ లేచి, "ఆ చెక్క చేయించింది నేను. నాదీ తప్పే. అతణ్ణి దొంగ అనుకున్నాను కూడా" అన్నాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, అదే మంచిదైంది.

ఆమె తన రెండు వలల్లో కొత్తదాన్ని భుజాన వేసుకుని వెంగయ్య ముందుకు పోయి కింద కూర్చుంది.

"అన్నా, ఇది నువ్వు తీసుకో" అని దాన్ని అతడి ముందు పెట్టింది.

"నా వల మంచిదని నాకు తెలుసు చెల్లెమ్మా" అన్నాడు వెంగయ్య నెమ్మదిగా. "నా వేళ్లతో అల్లినదాయె. ఆ రోజు నేను నోరు తెరిస్తే, నిజం దొంగలు కూడా తెరుస్తారు. కాపలా పోతాది. అందుకే ఊరుకున్నా. కోపం మాత్రం ఆగలా. అందుకే నీ ఇంటికి రాలా."

మాలకొండమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత తిట్లు అందుకుంది.

"అయిదు నెలలు తప్పుడు చెక్కతో నన్ను ఊరంతా తిప్పుతావా? తెలిసి కూడా చెప్పవా? ఏం మనిషివి అన్నా నువ్వు! ఇంకో నలుగురివి కోసుంటే ఆ పాపం ఎవురిది?"

వెంగయ్య తల దించుకుని నవ్వాడు. మధులత మామ వెనక నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. జనవరి తర్వాత ఆ రెండిళ్ల మనుషులూ ఒక్కచోట నవ్వడం అదే మొదలు.

జనంలోంచి ఎవరో పెద్దాయన, ఇక మీదట కొలచెక్క వెంగయ్య దగ్గరుంటే న్యాయంగా ఉంటుందన్నాడు. అందరూ తలలూపారు. వెంగయ్య చెయ్యి కూడా చాచాడు.

"నీకియ్యను అన్నా" అంది మాలకొండమ్మ. "నీది మంచి మనసే, నోరే లేదు. తప్పు జరిగితే మింగేస్తావు. ఇది అరిచేవాడి కాడ ఉండాల." లేచి పోయి కొలచెక్కనూ తల్లి పలకనూ రమేష్‌బాబు చేతిలో పెట్టింది. "ప్రతి నెలా ఈ గాడిలో పెట్టి చూడు. తేడా వస్తే ఇందాక అరిచినట్టే అరవు."

రమేష్‌బాబు ఆ రెండింటినీ పట్టుకుని కాసేపు గుడ్లు మిటకరించాడు. తర్వాత లుంగీ కొసతో ముఖం తుడుచుకుని, చెక్కను గాడిలో రెండుసార్లు జారించుకుని, ఆమె దగ్గర మిగిలిన పాత వలను ముందు పరచమన్నాడు. కన్ను కన్నుకూ దూర్చుకుంటూ పోయాడు. మాసిక వేసిన చోట రెండు కళ్లు బిగుతుగా ఉన్నాయని, ఇప్పుడే సరిచెయ్యకపోతే కోసేస్తానని గట్టు అదిరేలా అరిచాడు. మాలకొండమ్మ కింద కూర్చుని ఆ రెండు కళ్లూ విప్పి మళ్లీ అల్లింది.